నీటిపై తేలే ఎరలతో బాస్ చేపల వేట: ఎలాంటి రాడ్ ఎంచుకోవాలి?

తొలిపొద్దు:

సభ్యులందరికీ నమస్కారం. నీటి అడుగున కదిలే జిగ్‌లతోనూ, ప్లాస్టిక్ పురుగులతోనూ బాస్ చేపలు పట్టడం నాకు బాగానే అలవాటు. ఈమధ్య నీటిపై తేలే ఎరల మీదికి మనసు మళ్లింది. చేప నీళ్లు చిమ్ముకుంటూ పైకొచ్చి ఎరను అందుకోవడం ఒక్కసారి చూసినవారికి ఆ ఆకర్షణ గురించి వేరే చెప్పనక్కర్లేదు.

నా దగ్గర ఉన్నది ఏడడుగుల హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్ కాస్టింగ్ రాడ్. దారం 50 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్, అంటే సన్నని పోగులతో అల్లిన దారం. దీనితో అర ఔన్సు స్టిక్‌బెయిట్‌ను (పుల్లలాంటి పొడవాటి ఎర) నీటి మీద అటూ ఇటూ నడిపిస్తుంటే చేపలు వచ్చి కొడుతూనే ఉన్నాయి కానీ, వాటిలో చాలా భాగం కొక్కేనికి చిక్కడం లేదు. చిక్కినవి కూడా పడవ దగ్గరికి వచ్చేసరికి తల విదిలించి తప్పించుకుంటున్నాయి. నోటితో నీళ్లు చిమ్మే పాపర్, స్టిక్‌బెయిట్, కప్ప ఆకారపు బోలు ఎర, రెక్క తిరుగుతూ నీటిని చిలికే బజ్‌బెయిట్ అన్నింటికీ సరిపోయే ఒకే రాడ్ ఉంటుందా? పొడవు ఎంత ఉండాలి, వంపు ఎలా ఉండాలి? నేను గట్టు మీద నిలబడీ వేస్తాను, కయాక్‌లో కూర్చునీ వేస్తాను. అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

అలజాడ:

తొలిపొద్దు గారూ, కంపెనీ పేర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందుగా ఎరకు ఏ రకం కొక్కెం ఉందో చూడాలి, ఎందుకంటే రాడ్ ఎంపికలో సగం అక్కడే తేలిపోతుంది. స్టిక్‌బెయిట్‌కూ పాపర్‌కూ ఉండేవి సన్నని తీగతో చేసిన మూడు ముళ్ల ట్రెబుల్ కొక్కేలు. అవి గుచ్చుకోవడానికి పెద్ద బలం అక్కర్లేదు. అలాగే గట్టిగా లాగితే చేప మూతి చర్మాన్ని చీల్చుకుని ఊడి రావడానికీ, సాగిపోవడానికీ ఎంతోసేపు పట్టదు. బోలు కప్పకు ఉండేది మందపాటి జంట కొక్కెం. దాన్ని గుచ్చాలంటే ముందు కప్ప శరీరం నలగాలి, ఆ తర్వాత లావుపాటి తీగ మూతిలోకి దిగాలి. ఈ రెండు పనులకు పనికొచ్చే రాడ్లు ఒకదానికొకటి పూర్తిగా భిన్నమైనవి కనుక, అన్నింటికీ ఒకే రాడ్ అనే ఆలోచనను మొదటే పక్కన పెట్టమని నా సలహా.

మీరు చెప్పిన ఇబ్బందికి కారణం చేప ఎరను అందుకునే తీరులోనే ఉంది. బాస్ చేప ఎరను చాలాసార్లు పళ్లతో కరవదు. నోరు ఒక్కసారిగా పెద్దగా తెరిచి, మొప్పలు విప్పి, ముందున్న నీటిని ఎరతో సహా లోపలికి పీల్చుకుంటుంది. ఎర నీటిలోపల ఉన్నప్పుడు ఈ పని క్షణంలో అయిపోతుంది. పైన తేలుతున్న ఎర విషయంలో నీటితో పాటు గాలి కూడా లోపలికి పోతుంది కాబట్టి, ఎర నోట్లోకి పూర్తిగా చేరడానికి కాస్త వ్యవధి, కాస్త సడలింపు ఉండాలి. సాగని బ్రెయిడ్‌కు వంగని హెవీ రాడ్ తోడైతే ఆ సడలింపు ఎక్కడి నుంచీ రాదు. పైగా నీళ్లు చిమ్మడం కంటపడగానే మన చేయి దానంతటదే పైకి లేస్తుంది, ఎర చేప నోటి ముందు నుంచి ఎగిరిపోతుంది.

రాడ్ మీద రాసి ఉండే రెండు మాటలను చాలామంది కలిపేస్తుంటారు. పవర్ అంటే రాడ్‌ను వంచడానికి ఎంత బలం కావాలో తెలిపేది. యాక్షన్ అంటే అది ఎక్కడి నుంచి వంగుతుందో తెలిపేది. ఫాస్ట్ యాక్షన్ రాడ్ పైనున్న మూడో వంతులోనే వంగుతుంది, మోడరేట్ యాక్షన్ రాడ్ దాదాపు నడిమి నుంచే వంగుతుంది, మోడరేట్ ఫాస్ట్ ఈ రెండింటికీ మధ్యస్థం. ట్రెబుల్ కొక్కేలున్న ఎరలకు నేను కోరుకునేది ఈ చివరిదే: 6 అడుగుల 8 అంగుళాల నుంచి 7 అడుగుల లోపు పొడవు, మీడియం లేదా మీడియం హెవీ పవర్, మోడరేట్ ఫాస్ట్ యాక్షన్, 3/8 ఔన్సు నుంచి 1 ఔన్సు వరకు, అంటే సుమారు 10 నుంచి 28 గ్రాముల ఎరలను మోయగల రాడ్.

బిగువుదారం:

అలజాడ గారు చెప్పిన దానిలో కొక్కెం విషయం అక్షరాలా నిజం. యాక్షన్ విషయంలో మాత్రం నాకు భేదాభిప్రాయం ఉంది. స్టిక్‌బెయిట్‌ను నడిపించేది రాడ్ కొన. కొన చురుగ్గా కదిలి, వెంటనే నిలబడితేనే ఎర ఒక పక్కకు జారుతుంది. నడుము దాకా వంగే రాడ్‌తో మనం ఇచ్చిన విదిలింపులో కొంత రాడ్‌లోనే ఇంకిపోతుంది, కొన రెండు మూడుసార్లు ఊగి గానీ కుదురుకోదు, దాంతో ఎర నడక మందగిస్తుంది. పాపర్ విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నోటితో నీటిని ఉమ్మినట్టు చిమ్మాలంటే కుదుపు చిన్నదిగా, తీక్షణంగా ఉండాలి.

అందుకే నేను ఫాస్ట్ యాక్షన్ రాడ్‌నే వాడతాను, కానీ పవర్ మీడియం దాటనివ్వను, దారం 15 పౌండ్ల మోనోఫిలమెంట్ (ఒంటిపోగు నైలాన్ దారం) వేస్తాను. నైలాన్ దారం సాగుతుంది, రాడ్ ఇవ్వని సడలింపును అది ఇస్తుంది. తొలిపొద్దు గారి రాడ్‌లో యాక్షన్ కంటే పవర్, దానికి జతచేసిన దారమే ఎక్కువ చేటు చేస్తున్నాయని నా అభిప్రాయం.

వెదురుగడ:

ఇద్దరి వాదనా విన్నాక కాస్త వెనక్కి చూడాలనిపించింది. అటూ ఇటూ నడిచే ఎర అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది హెడన్ సంస్థ 1939లో తెచ్చిన జారా స్పూక్. ఫెన్విక్ సంస్థ గ్రాఫైట్ రాడ్‌ను మార్కెట్లోకి తెచ్చింది 1973లో. అంటే ఆ ఎర పుట్టాక మూడు దశాబ్దాలకు పైగా దాన్ని నడిపించినవి గ్రాఫైట్ కాని రాడ్లే. యుద్ధం తర్వాతి ఏళ్లలో వాటిలో ఎక్కువ భాగం నడుము దాకా వంగే ఫైబర్‌గ్లాస్ రాడ్లు. వాటితో ఎర నడవలేదని ఎవరూ అనలేరు. ఆ నడక రహస్యం రాడ్ బిరుసులో కంటే దారాన్ని ఎప్పుడు వదులుగా ఉంచాలో తెలిసిన మణికట్టులో ఎక్కువగా ఉంది.

కొత్తవారి కోసం కాస్త విపులంగా చెబుతాను. రాడ్ కొనను నీటివైపు దించి, తలుపు గొళ్లెం తట్టినంత సుతారంగా మణికట్టును కిందికి ఆడించి, ఆ వెంటనే కొనను ఎర వైపు తిరిగి కొద్దిగా పోనివ్వాలి. ఈ రెండో కదలికే అసలైనది. దారం వదులైన ఆ క్షణంలో ఎర ముక్కును పట్టి ఆపేది ఏదీ ఉండదు కాబట్టి అది ఒక పక్కకు జారిపోతుంది. తర్వాతి తట్టు దాన్ని రెండో పక్కకు తిప్పుతుంది. దారం ఎప్పుడూ బిగుతుగానే ఉంటే ఎంత ఖరీదైన రాడ్‌తోనైనా ఎర తిన్నగా మన వైపే వస్తుంది.

అలాగని నేటి రోజున మొత్తం ఫైబర్‌గ్లాస్ రాడ్ కొనమని నేను చెప్పను. అది బరువు. రోజంతా మణికట్టు ఆడించే పనిలో ఆ బరువే చేయిని అలసిపోయేలా చేస్తుంది. మరీ బిరుసైన హై మాడ్యులస్ గ్రాఫైట్ కూడా ఈ పనికి అవసరం లేదు, ఎందుకంటే నీటి అడుగున సన్నని స్పర్శను చేతికి అందించడమే దాని గొప్పతనం, ఇక్కడ చేప కొట్టడాన్ని మనం కళ్లతోనే చూస్తున్నాం. మధ్యస్థమైన గ్రాఫైట్ గానీ, గ్లాస్ కలిపిన కాంపోజిట్ గానీ తీసుకుంటే సరిపోతుంది. ఆ మేరకు డబ్బు కూడా మిగులుతుంది.

కొలనుగట్టు:

పొడవు గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు కనుక నేను అందుకుంటాను. రాడ్ పొడవును నిర్ణయించేటప్పుడు మీ ఎత్తును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే చాలదు, మీ చేయి నీటికి ఎంత ఎత్తున ఉంటుందన్నది ముఖ్యం. పెద్ద పడవ ముందుభాగంలో నిలబడినవారికి ఏడడుగుల రాడ్‌ను కిందికి దించి ఆడించడానికి కావలసినంత చోటు ఉంటుంది. కయాక్‌లో కూర్చున్నవారికి చేయి నీటికి జానెడు, మూరెడు ఎత్తులోనే ఉంటుంది. అక్కడ ఏడడుగుల రాడ్ కొనను దించితే అది ప్రతి తట్టుకూ నీటిని కొడుతుంది. అప్పుడు కొనను పక్కకు గానీ పైకి గానీ ఆడించక తప్పదు. పైకి ఆడిస్తే ఎర ముక్కు నీటి నుంచి లేచి, నడక పోయి, గెంతులు వేయడం మొదలుపెడుతుంది. మీరు రెండు చోట్లా వేస్తానన్నారు కాబట్టి 6 అడుగుల 8 అంగుళాలు మీకు చక్కటి రాజీ. కయాక్‌లోనే ఎక్కువ సమయం గడిపితే 6 అడుగుల 6 అంగుళాలకు దిగడానికీ వెనుకాడవద్దు.

పిడి పొడవు దీనికంటే ముఖ్యమని కూడా అంటాను. రీల్ వెనుక భాగంలో పిడి మరీ పొడుగ్గా ఉంటే, కిందికి తట్టిన ప్రతిసారీ దాని చివర ముంజేతికి తగులుతుంది, చొక్కా అంచులో ఇరుక్కుంటుంది. పూట గడిచేసరికి ముంజేయి కమిలిపోతుంది. జిగ్ రాడ్లకూ కప్ప రాడ్లకూ రెండు చేతులతో విసరడానికి పొడుగు పిడి పెడతారు, అక్కడ అది అవసరమే. ఎరను నడిపించే రాడ్‌కు మాత్రం పొట్టి పిడి ఉన్నదే చూసుకోండి. ఈ ఒక్క విషయాన్ని కొనేటప్పుడు ఎవరూ పరీక్షించరు, కొన్నాక అందరూ బాధపడతారు.

తొలిపొద్దు:

ఇంత ఓపిగ్గా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. కొలనుగట్టు గారు చెప్పిన పిడి బాధ నా రాడ్‌తో నాకు స్పష్టంగా తెలుస్తూనే ఉంది. మరొక సందేహం. దారాన్ని వదులు చేస్తూ నడిపిస్తున్నప్పుడు బ్రెయిడ్ వెళ్లి రాడ్ కొనకు చుట్టుకుంటోంది. కొన్నిసార్లు ఎర ముందు కొక్కేనికి కూడా మెలిక పడుతోంది. ఇది రాడ్ లోపమా, దారం లోపమా?

నూలుకండె:

రెండూ వేర్వేరు ఇబ్బందులు, కారణం మాత్రం ఒకటే: బ్రెయిడ్ మెత్తగా, వాలిపోయేలా ఉంటుంది. వదులు చేసిన క్షణంలో మోనోఫిలమెంట్ తన బిరుసు వల్ల కొన నుంచి దూరంగా నిలుస్తుంది, బ్రెయిడ్ ఎక్కడ పడితే అక్కడ వాలుతుంది.

ముందు కొక్కేనికి మెలిక పడకుండా ఉండాలంటే బ్రెయిడ్ చివర రెండు మూడడుగుల మోనోఫిలమెంట్ లీడర్ (దారానికీ ఎరకూ మధ్య కట్టే ముక్క) కట్టండి, 20 పౌండ్లది సరిపోతుంది. ఫ్లోరోకార్బన్ లీడర్ మాత్రం ఈ పనికి వద్దు. నీటి సాంద్రత 1 అనుకుంటే పాలిఇథిలీన్ బ్రెయిడ్ సాంద్రత సుమారు 0.97, అది నీటిపై తేలుతుంది. నైలాన్ సాంద్రత సుమారు 1.14, నీటికంటే కొంచెమే ఎక్కువ కనుక చాలా నెమ్మదిగా దిగుతుంది. ఫ్లోరోకార్బన్ సాంద్రత సుమారు 1.78, అది మునిగి ఎర ముక్కును కిందికి లాగుతుంది. పెద్ద స్టిక్‌బెయిట్ ఆ బరువును ఎలాగో మోస్తుంది, చిన్న పాపర్ మోయలేదు, దాని నోరు నీటిలోకి వంగి చిమ్మడం మానేస్తుంది.

కొనకు చుట్టుకోవడం విషయానికొస్తే, ఇక్కడ రాడ్ గైడ్లకు, అంటే దారం దూరి వెళ్లే ఉంగరాలకు, కొంత పాత్ర ఉంది. గైడ్ చట్రం ముందుకు వాలి ఉంటే, దాని మీద పడిన దారం మెలిక దానంతటదే కొన వైపు జారి విడిపోతుంది. ఫూజీ సంస్థ కే శ్రేణి గైడ్లను ఈ ఉద్దేశంతోనే రూపొందించింది. నిటారు చట్రాలున్న గైడ్లలో మెలిక కాళ్ల దగ్గర ఇరుక్కుపోతుంది. మరీ చిన్న రంధ్రాలున్న మైక్రో గైడ్లున్న రాడ్‌ను లీడర్ కట్టేవారు తీసుకోకపోవడం మంచిది, ముడి వాటిలోంచి వెళ్లేటప్పుడు ప్రతి విసురులోనూ తగులుతుంది.

ఏ గైడ్లున్నా ఒక అలవాటు చేసుకోవాలి. విసరడానికి చేయి ఎత్తే ముందు ఒక్క క్షణం కొన వైపు చూడండి. దారం కొనకు చుట్టుకుని ఉండగా పూర్తి బలంతో విసిరితే దారం తెగి ఎర ఎటో వెళ్లిపోతుంది, లేదంటే రాడ్ కొనే విరుగుతుంది.

తూటికాడ:

కప్పల గురించి అలజాడ గారు రెండు మాటల్లో తేల్చేశారు. నాకు అదే ప్రాణం కాబట్టి ఇంకాస్త చెప్పనివ్వండి. తామరాకుల మధ్య, దట్టంగా పేరుకున్న నాచు మీద కప్పను నడిపించేటప్పుడు చేప ఒక్కటే చిక్కదు. దానితో పాటు దాని తల చుట్టూ బుట్టెడు నాచు వస్తుంది. ఆ మొత్తాన్ని ఆగకుండా లాక్కురాగల రాడ్ ఉండాలి. చేపకు తల తిప్పుకునే అవకాశం ఇస్తే అది తూడు చుట్టూ దారాన్ని చుట్టేస్తుంది, ఆ తర్వాత చేసేదేమీ ఉండదు. అందుకే ఏడడుగుల నుంచి ఏడున్నర అడుగుల పొడవు, హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్, 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్, లీడర్ లేకుండా నేరుగా కట్టడం. మోడరేట్ రాడ్‌కు ఇక్కడ చోటు లేదు.

తొలిపొద్దు గారూ, ఇది చదివితే మీకు అర్థమయ్యే ఉంటుంది: మీ దగ్గరున్నది అచ్చమైన కప్ప రాడ్. దాన్ని మార్చాల్సిన పని లేదు, దాని పని దానికి అప్పగించండి.

చేప కొట్టిన వెంటనే లాగకూడదన్నది కప్ప విషయంలో మరీ ముఖ్యం. నాచు కదిలి, కప్ప మాయమైందని చూసి, రాడ్‌ను కిందికి దించి, వదులు దారాన్ని చుట్టేసి, చేప బరువు చేతికి తెలిశాకే రెండు చేతులతో గట్టిగా లాగాలి. ట్రెబుల్ ఎరలకు ఈ లాగుడు అవసరం లేదు. అక్కడ బరువు తెలియగానే రాడ్‌ను పక్కకు తిప్పి, చుట్టడం ఆపకుండా ఉంటే చాలు, కొక్కేలు వాటంతటవే పట్టుకుంటాయి.

బిగువుదారం:

వెదురుగడ గారి మాట కాదనలేను, వదులు దారమే నడకకు మూలం. అయినా చిన్న పాపర్లకు ఫాస్ట్ యాక్షనే మేలన్న మాట మీద నేను నిలబడతాను. రెబెల్ పాప్ ఆర్ వంటి పావు ఔన్సు, అంటే సుమారు 7 గ్రాముల ఎరను మీడియం హెవీ కాస్టింగ్ రాడ్‌తో విసిరితే రాడ్ అసలు వంగదు. వంగని రాడ్ ఎరను విసరలేదు, రీల్ మీద దారం చిక్కుపడుతుంది. అటువంటి చిన్నవాటికి 6 అడుగుల 6 అంగుళాల మీడియం పవర్ స్పిన్నింగ్ రాడ్ (రీల్ కింది వైపు వేలాడే రకం), 15 పౌండ్ల సన్న బ్రెయిడ్, ముందు మోనోఫిలమెంట్ లీడర్ వేసుకుంటే గాలికి ఎదురుగా కూడా దూరం వెళుతుంది.

అలజాడ:

చిన్న పాపర్ల విషయంలో బిగువుదారం గారితో ఏకీభవిస్తున్నాను. నేను చెప్పిన మోడరేట్ ఫాస్ట్ రాడ్ అర ఔన్సు నుంచి ముప్పావు ఔన్సు ఎరల దగ్గర బాగా పనిచేస్తుంది. తోక తిరిగే వాపర్ ప్లాపర్ వంటి ఎరలకూ అదే చాలు, ఎందుకంటే వాటిని తట్టకుండా ఒకే వేగంతో చుట్టడమే పని. అయితే వాటిలో 110 సైజు ఒక ఔన్సు తూగుతుంది, 130 సైజు 1 3/8 ఔన్సు, అంటే సుమారు 39 గ్రాములు తూగుతుంది. రెండోది ఈ రాడ్ పరిమితిని దాటిపోతుంది, దాన్ని విసరవద్దు. బజ్‌బెయిట్‌కు లావుపాటి ఒంటి కొక్కెం ఉంటుంది కనుక అది కప్ప రాడ్‌తోనే సాగుతుంది, మీడియం హెవీ ఉంటే మరీ మంచిది.

దుకాణంలో పరీక్షించే పద్ధతి ఒకటి చెబుతాను, దీనికి చాలామంది సిగ్గుపడతారు కానీ అనవసరం. మీరు ఎక్కువగా వాడే ఎరను వెంట తీసుకెళ్లండి, కొక్కేలు తీసేసి. దుకాణదారుని అనుమతితో మీ రీల్‌ను రాడ్‌కు బిగించి, దారాన్ని గైడ్లలోంచి పోనిచ్చి, ఎరను కొన కింద జానెడు దూరంలో వేలాడదీసి, రాడ్‌ను నేలకు సమాంతరంగా పట్టుకోండి. ఆ బరువుకు కొన కొద్దిగా తలవంచాలి. అసలు వంగకపోతే ఆ ఎరకు ఆ రాడ్ బిరుసు ఎక్కువ, నడుము దాకా వాలితే మెతక ఎక్కువ. తర్వాత కొనను కాలి పక్కగా దించి, నీటి మీద ఆడించినట్టే కాసేపు ఆడించండి. పిడి చివర ముంజేతికి తగులుతోందా, రీల్‌తో కలిపి బరువు ముందుకు తూగుతోందా అన్నది అప్పుడే తెలిసిపోతుంది. ముందుకు తూగే రాడ్‌ను ఎంత బాగున్నా తిరిగి ఇచ్చేయండి, కొనను కిందికి పట్టుకుని వేసే ఈ వేటలో ఆ బరువంతా మణికట్టు మీదే పడుతుంది.

ఒక కంపెనీ మోడరేట్ ఫాస్ట్ ఇంకో కంపెనీ ఫాస్ట్‌లా ఉండటం మామూలే, ఈ మాటలకు అన్ని కంపెనీలూ పాటించే ఒకే కొలమానం లేదు. అందుకే చేత్తో పట్టుకుని చూడటాన్ని మించిన దారి లేదు.

తొలిపొద్దు:

అందరి మాటలూ విన్నాక నా నిర్ణయం తేలింది. ఉన్న హెవీ రాడ్‌ను కప్పలకూ బజ్‌బెయిట్‌కూ ఉంచుకుంటాను. స్టిక్‌బెయిట్ కోసం 6 అడుగుల 8 అంగుళాల మీడియం హెవీ, మోడరేట్ ఫాస్ట్ రాడ్‌ను, పొట్టి పిడి ఉన్నదాన్ని, అలజాడ గారు చెప్పిన విధంగా పరీక్షించి తీసుకుంటాను. 30 పౌండ్ల బ్రెయిడ్‌కు మోనోఫిలమెంట్ లీడర్ కడతాను. ఒక్క విషయం మిగిలింది. నా రీల్ గేర్ నిష్పత్తి 5.4:1, అంటే రీల్ పిడి ఒకసారి తిప్పితే దారం కండె 5.4 సార్లు తిరుగుతుంది. దీన్నే కొత్త రాడ్‌కు బిగించవచ్చా?

నూలుకండె:

నడిపించే ఎరకు అది నెమ్మది అవుతుంది. ప్రతి తట్టు తర్వాతా కొంత వదులు దారం మిగులుతుంది, చేప కొట్టినప్పుడు ఆ వదులంతా చుట్టేశాకే కదా దాని బరువు మీకు తెలిసేది. 7:1 చుట్టుపక్కల ఉన్న రీల్ తీసుకోండి, రీల్ పిడి ఒక్కసారి తిప్పితే దారం తగినంత వస్తుంది. తూటికాడ గారి కప్పలకూ అంత వేగమే కావాలి. మీ 5.4:1 రీల్‌ను నీటి మీద నెమ్మదిగా, ఒకే వేగంతో లాగాల్సిన తోక తిరిగే ఎరలకు ఉంచుకోండి, తెలియకుండా చేయి వేగం పెంచినా ఎర పరుగెత్తకుండా అదే అదుపు చేస్తుంది.